ఎర్రనీటిలో టెస్ట్ రైడ్

2008 జూన్ నెల. రావులపాలెంలో హైవే పక్కనున్న ఒక మోటారుసైకిళ్ళ షోరూములో నేను సేల్స్ చూసేవాణ్ణి. అరటి మార్కెట్టులో గెలలు దింపి, ఆ డబ్బు చేతిలో ఉండగానే బండి చూడ్డానికి వచ్చే రైతులే మాకు ఎక్కువ బేరాలు. వాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. లీటరుకి ఎంత ఇస్తుంది, తిరిగి అమ్మితే ఎంత వస్తుంది. ఆ రెండింటికీ నిద్రలో లేపి అడిగినా సమాధానం చెప్పేవాణ్ణి.

ఆ వేసవిలో కంపెనీ వాళ్ళు అడ్వెంచర్ బైక్ అని ఓ కొత్తరకం బండి దింపారు. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ ఇంజిన్ అడుగుకీ మధ్యనుండే ఖాళీ, మామూలు బండికంటే బాగా ఎక్కువ. సస్పెన్షన్, అంటే గతుకుల్లో కుదుపును మింగే ఏర్పాటు, చాలా పొడుగు. ధర వింటే మాత్రం ఏ సస్పెన్షనూ ఆపలేని కుదుపు. ఆ డబ్బుతో మామూలు బండ్లు రెండు కొని, ఒకటి బావమరిదికి ఇచ్చి మంచి పేరు తెచ్చుకోవచ్చు.

టెస్ట్ రైడ్ కోసం మాకొక డెమో బండి ఇచ్చారు. వెనక చక్రానికి ఎడమ పక్కన ఉండే కడ్డీల చట్రాన్ని మేం సారీ గార్డు అంటాం. పక్కకు తిరిగి కూర్చునే ఆడవాళ్ళ చీర చక్రంలో పడకుండా అది కాపాడుతుంది. మా ఓనరు గారు డెమో బండికి దాన్ని ఊడదీయించారు. "అడ్వెంచరుకి చీర గార్డేంటయ్యా, ఏనుగుకి జడగంటలు కట్టినట్టు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది గానీ, జీతమిచ్చే మనిషితో ఏనుగుల గురించి వాదించలేం కదా.

సూర్యారావు గారు ఆ బండి చూడ్డానికి మూడోసారి వచ్చినప్పుడు, ఈయన సరదాకి తిరగడం లేదని నాకు అర్థమైంది. రావులపాలేనికి ఎగువన గోదావరి మధ్యలో ఉన్న ఒక లంకలో ఆయనకు అరటి తోట. వాళ్ళమ్మ మంగాయమ్మ గారికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు రాజమండ్రిలో డయాలసిస్ చేయించాలి. లంక నుంచి ఏటిగట్టుకు రావాలంటే ముందు పొడుగాటి ఇసక మేట, తరవాత నది పాయ దాటాలి. వరదల్లో పడవ నడుస్తుంది. ఎండల్లో ట్రాక్టరు నడుస్తుంది.

"ఆ రెండింటికీ మజ్జిన కొన్నాళ్ళుంటాయండీ, అయ్యే మా ప్రాణం తీసేత్తాయి" అన్నాడాయన. "నీళ్ళు పడవకి చాలవు, ట్రాక్టరుకి ఎక్కువ. కిందటేడు అలాగే ఓసారి డయాలసిస్ తప్పిపోయిందండి. అమ్మకి ఒళ్ళంతా నీరు పట్టేసి ఊపిరి అందలేదు. తెల్లారేదాకా కూర్చోబెట్టే ఉంచాం. మళ్ళీ తప్పితే మనిషి దక్కదన్నారు డాక్టరు గారు."

"నడిచి దాటిస్తే?" అన్నాను.

"ఇసకలో నాలుగడుగులేత్తే ఆయాసం. ఆ మేటంతా నేనొక్కణ్ణే మొయ్యలేనండి." మా షోరూము ఇచ్చిన రంగుల కాగితం జేబులోంచి తీశాడు. "ఇందులో ఎక్కడికైనా ఎల్లిపోద్దని రాశారు. మా ఇసక్కీ మా పాయకీ ఎల్లిందంటే, మీరు చెప్పిన ధరకి మారు మాటాడకుండా తీసేసుకుంటానండి. మీరే నడిపి చూపించండి."

సరే అన్నాను. బేరం కుదిరితే ఆ జిల్లాలో ఆ బండి అమ్మిన మొదటివాణ్ణి నేనే అవుతానన్న ఉబలాటం కూడా ఉంది.

అనుకున్న రోజు పొద్దున్నే ఏటిగట్టు మీదికి డెమో బండి వేసుకుని వెళ్ళాను. సూర్యారావు గారు మోకాళ్ళ పైదాకా తడిసి గట్టుమీద నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"రాత్రి ఎర్రనీరు వచ్చేసిందండీ" అన్నాడు.

పైన కొండల్లో తొలివానలు పడితే గోదావరి రంగు మారుతుంది. వరదకు అది మొదటి కబురు. నీరు పెద్దగా పెరగలేదు గానీ అడుగు కనబడటం లేదు. కిందటేడు ఇలాంటి నీళ్ళలోనే కూరుకుపోయిందని ట్రాక్టరాయన రానన్నాడట. పడవ వెయ్యబోతే ఇసకకు తగిలి ఆగిపోయిందట.

"ఇయ్యాళే అమ్మకి డయాలసిస్సండి. మజ్జానం పూటే మనకి మెషినిత్తానన్నారు. మీరూ మీ బండే దిక్కు."

అప్పటిదాకా అది నాకు టెస్ట్ రైడ్. ఆ మాటతో అది కాస్తా మారిపోయింది. కాదని వెనక్కి తిప్పుకుని పోవచ్చు. కానీ ఎక్కడికైనా వెళ్ళిపోతుందని ఊరూరా చెప్పుకు తిరిగిన నోటితో ఇక్కడికి మాత్రం రాదని ఎలా చెప్పను?

ఆయన్ని వెనక ఎక్కించుకుని పాయలోకి దింపాను. ఫస్ట్ గేరు, ఒకటే వేగం, ఎక్కడా ఆగకూడదు. పారే నీళ్ళలో ఆగితే చక్రం కింది ఇసక కోసుకుపోతుంది. నీళ్ళు నా పిక్కల దాకా వచ్చాయి. బండి ఓసారి అటూ ఇటూ ఊగింది గానీ గట్టెక్కేసింది. ఇసక మేట మీద అయితే దాని పనితనం చూడాలి. నిజం చెప్పొద్దూ, నాకే గర్వమేసింది. కాగితంలో రాసింది అబద్ధం కాదు.

మంగాయమ్మ గారు ఇంటి ముందు అరుగు మీద సిద్ధంగా కూర్చుని ఉన్నారు. బరువైన మనిషి, పాదాలు వాచి ఉన్నాయి. బండిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు.

"ఇంత ధరెందుకు బాబూ దీనికి? బంగారం గానీ పోశారా?"

"ఎక్కడికైనా వెళ్తుందండి అమ్మగారూ."

"నాకు ఎక్కడికైనా అక్కర్లేదయ్యా. రాజమండ్రి చాలు."

సీటు ఎత్తు కావడంతో అరుగు మీంచే ఎక్కించాం. రెండు కాళ్ళూ ఎడమవైపుకి వేసి కూర్చున్నారు. పైట కొంగును చుట్టూ తిప్పి నడుం దగ్గర గట్టిగా దోపుకోమన్నాను. చైను వైపు ఒకటికి రెండుసార్లు చూశాను. మామూలు బండ్లకు చైను మొత్తాన్నీ కప్పే రేకు ఉంటుంది. దీనికి పైన సగమే ఉంది. మూడోసారి కూడా చూసి కొంగు తడిమి, అప్పుడు కదిలాను. ఇసక మీద ఆవిడ నా భుజం పట్టుకుని "మెత్తగానే ఉంది బాబూ" అన్నారు. ట్రాక్టరు తొట్టిలో అయితే ఎముకలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చేదట.

సూర్యారావు గారు అడ్డదారిన పరుగెత్తుకొచ్చి పాయ దగ్గర కలిశాడు. చేతిలో గెడ పట్టుకుని లోతు చూస్తూ ముందు నడిచాడు. వెనక నేను. సగం పైనే దాటాం. గట్టుమీద చేపలు తూకం వేయించుకుంటున్న వాళ్ళ మాటలు కూడా వినబడుతున్నాయి.

నీళ్ళు ఆవిడ పాదాలకు తగిలాయి. పాయలో దిగిన ఏ లంక ఆడమనిషి అయినా నీరు తగలగానే కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుంటుంది. పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు, ఆలోచించి చేసేది కాదు. మంగాయమ్మ గారూ అదే చేశారు. కుచ్చెళ్ళతో పాటు నడుం దగ్గర దోపిన కొంగు ఊడి వచ్చింది. నా భుజం మీది చెయ్యి ఒక్కసారిగా వెనక్కి పోయింది. "బాబూ!" అన్న కేక వినబడింది. వెనక చక్రం బిగుసుకుని ఇంజిన్ ఆగిపోయింది.

తిరిగి చూస్తే కొంగు చైనులో చుట్టుకుపోయి ఉంది. చీర ఆవిడ రొమ్ముకు అడ్డంగా తాడులా బిగిసి చక్రం వైపుకి లాగుతోంది. దిగడానికి లేదు, దిగితే కొంగు ఇంకా బిగుస్తుంది. చక్రం వెనక్కి తిప్పి కొంగు విడిపించాలంటే చక్రం ఇసకలోకి దిగబడుతోంది. ఆవిడ బరువంతా ఎడమ పక్కనే. బండి ఎడమకు ఒరిగితే ఆవిడ దానికింద నీళ్ళలోకి పోతారు, చీర ఊడదు. నా ఎడమకాలి కింద ఇసక జారుతోంది. కాలు తీసి మళ్ళీ మోపుతున్నాను, మళ్ళీ జారుతోంది. జీవితంలో అంత భయం నేనెప్పుడూ ఎరగను.

"సూర్యారావు గారూ! కత్తి!"

అరటి రైతు మొలలో గెలలు కోసే కత్తి లేకుండా ఉండడు. ఆయన గెడ పారేసి నీళ్ళు చిమ్ముకుంటూ వెనక్కి వచ్చాడు. వచ్చి, కత్తి తీసి, చెయ్యి ఆపేశాడు. బిగిసిన చీరకీ తల్లి ఒంటికీ మధ్య వేలు దూరే సందు లేదు. పైగా గట్టుమీద అంతమంది మగాళ్ళు చూస్తున్నారు.

"కొయ్యండీ! నేను ఆపలేకపోతున్నాను!"

ఆయన కత్తిని చీరకి ఆనించి మళ్ళీ తీసేశాడు. అప్పుడు ఆవిడే, అందని ఊపిరితోనే, కొడుకుని కసిరారు.

"కోసెయ్యరా ఎదవా! కోక పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. అమ్మ పోతే ఏ సంతలో కొంటావు?"

కత్తి చక్రం దగ్గర పెట్టి లాగాడు. మొదటిసారి తెగలేదు. రెండోసారి సగం తెగింది. మూడోసారికి ఆవిడ ముందుకు తూలి నా వీపు మీద పడ్డారు. సూర్యారావు గారు తల్లిని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. నేను బండి వదిలేశాను. ఎర్రనీళ్ళలో అది ఎడమ పక్కకు పడుకుంది, సరిగ్గా ఆవిడ పడాల్సిన చోట. నేను ఆవిడ కాళ్ళ వైపు పట్టుకున్నాను. ఇద్దరం గట్టుమీదికి చేర్చాం.

కొడుకు తన తువ్వాలు విప్పి తల్లి భుజాల చుట్టూ కప్పాడు. ఆవిడకు ఆయాసం ఎక్కువైంది, పెదాలు నల్లబడ్డాయి. మధ్యాహ్నం మెషిను మాట గుర్తొచ్చి ఆయన గట్టుమీద అటూ ఇటూ చూస్తున్నాడు. ఆ వేళప్పుడు ఏటిగట్టు మీదికి ఆటో రాదు.

చేపలు కొనుక్కుపోవడానికి వచ్చిన పోలయ్య అనే ఆయన తన పాత మోపెడ్ మీంచి చేపల పెట్టె విప్పి నేలమీద పెట్టేశాడు.

"హైవే దాకా దింపేత్తానండి. కాపోతే సేపల కంపు కొడతాది, ఏవనుకోకండి."

"లంకదాన్ని, చేపల కంపు నాకు అలవాటేనయ్యా" అన్నారు మంగాయమ్మ గారు. ఎవరి సాయం లేకుండానే, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నారు. సీటు అంత కిందికి ఉంది. కదిలే ముందు నా వైపు తిరిగారు. ఆవిడ తిడతారనే అనుకున్నాను.

"నీ బండి మంచిదే బాబూ. ఎక్కితే లంకంతా కనబడింది. దిగే దారే కనబడలేదు."

మోపెడ్ వెళ్ళింది, పక్కనే కొడుకు పరుగు. ఆ సాయంత్రం ఆయన ఫోన్ చేసి, హైవే మీద ఆటో దొరికిందనీ, మెషిను వేరేవాళ్ళకి ఇవ్వకముందే చేరామనీ చెప్పేదాకా నేను అన్నం ముట్టలేదు.

డెమో బండిని జాలరులు తాళ్ళు కట్టి బయటికి లాగారు. మా మెకానిక్ ఆయిలు దింపితే నీళ్ళు కలిసిపోయి పాలు ఎక్కువైన టీ రంగులో వచ్చింది. మా ఓనరు గారు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగినవి కావు. నేనూ ఊరుకోలేదు. చైనులో ఇరుక్కున్న కొంగు ముక్కను ఆయన బల్లమీద పెట్టి, గార్డు ఊడదీయించింది ఎవరండీ అని అడిగాను. ఆయన ఆ ముక్కను చూసి, ఫ్యాను వేగం పెంచమన్నారు. మర్నాడు గార్డు బిగించారు.

వారం తిరక్కుండానే సూర్యారావు గారు షోరూముకి వచ్చాడు. గొడవకే వచ్చాడనుకుని లేచి నిలబడ్డాను. ఆయన తిన్నగా ఆ బండి దగ్గరికే వెళ్ళి సీటు మీద చెయ్యి వేశాడు.

"గార్డు పెట్టించారు కదండీ. ఇసకలో దీనికి తిరుగు లేదు. ఇచ్చేయండి, తీసుకుంటాను."

గాజు తలుపు వెనక ఓనరు గారి తల పైకి లేచింది.

"అమ్మగారు ఎక్కుతానన్నారా?"

ఆయన సీటు మీది చెయ్యి తియ్యలేదు. "ఎక్కనందండి. కుర్చీకి రెండు గెడలు కట్టి, మా వాళ్ళు నలుగురు మోసుకొచ్చి గట్టు మీద దింపుతున్నారు. అక్కణ్ణుంచి పోలయ్యే" అన్నాడు.

"మరి ఈ బండి ఎవరికండీ?"

మీసం రాని కుర్రాడిలా కళ్ళు నిండాయి ఆ మనిషికి. "ఏదో ఒకటి కొనకపోతే, నేనేం చెయ్యలేదనిపిత్తందండి" అన్నాడు.

ఇది మీకు వద్దండి అని నేను చెప్పాను. గాజు తలుపు వెనక నుంచి అంతా వినబడుతుందని తెలిసే చెప్పాను. ఆయన సీటు మీంచి చెయ్యి తీసి, ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుని, ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు.

ఆ బండి ధరకు తగినదేనా అని తరవాత చాలామంది అడిగారు. ఇసకలో ఒంటరిగా తిరిగేవాడికి ప్రతి రూపాయికీ తగినదేనని ఇప్పటికీ అంటాను. కానీ ఏ బండి అమ్మినా ముందు నేనే ఒక ప్రశ్న అడుగుతాను. మైలేజీ గురించి కాదు, తిరిగి అమ్మితే వచ్చే ధర గురించీ కాదు.

"మీ వెనక ఎవరు కూర్చుంటారండీ?"