పాలవేళ పరుగు

అరవై దాటేదాకా ఎల్విన్ తన కోసమని ఎప్పుడూ పరుగెత్తలేదు. కంచె దూకిన దూడ వెనకాల పరుగెత్తాడు. వాన ముంచుకొస్తుంటే ఎండుగడ్డి కప్పడానికి పరుగెత్తాడు. పెళ్లినాడు పొద్దున్నే ఆవు ఈనుతూ ఉంటే, దాని సంగతి చూసి చాపెల్‌కి ఆలస్యమై, పేడ బూట్లతోనే పరుగెత్తాడు. అలాంటి మనిషి నారింజ రంగు బూట్లు తొడుక్కుని, తెల్లవారీ తెల్లవారకముందే మా డొంకల్లో ఒంటరిగా పరుగెడుతున్నాడంటే ఊరు ఊరుకుంటుందా? ఉత్తరాల బండి నడిపే గ్వెన్ ఆ కబురు ఇంటింటికీ మోసింది. ఎవరు తరుముతున్నారో పాపం అని ఆదివారం చాపెల్ మెట్ల మీద నవ్వుకున్నారు. నవ్విన వాళ్లలో సగం మంది మెట్లెక్కితేనే ఆయాసపడే రకం.

తరుముతున్నదేమిటో ఎల్విన్‌కీ, భార్య నెస్టాకీ తెలుసు. వాళ్ల ఇంటికి వెళ్లే డొంక ఇరుకు. పాలు కొనే కంపెనీవాళ్లు కొత్తగా తెచ్చిన ట్యాంకరు ఆ డొంక కంటే వెడల్పు. గట్లు కొట్టి దారి పెంచితే వస్తాం, లేకపోతే రాం అన్నారు. ఒక గట్టు పక్కవాళ్లది. రెండోదాని మీద ఎల్విన్ తాతలు నాటిన ముళ్లచెట్లు, వాటి కింద బ్యాడ్జర్లనే అడవి జంతువుల బొరియలు. దేన్ని కొట్టమంటారు? ఎల్విన్ కొన్నాళ్లు వాదించాడు, కొన్నాళ్లు మౌనంగా కూర్చున్నాడు, చివరికి ఆవులన్నిటినీ హవెల్‌కి అమ్మేశాడు.

హవెల్ రెండు మైళ్ల అవతల, పెద్ద రోడ్డు పక్కన ఉంటాడు. నలభై నిండనివాడు, మాట తక్కువ, పని ఎక్కువ. బేరమాడకుండా మందనంతా కొన్నాడు, గొడ్డు మీద చెయ్యి వేసే తీరు కూడా మెత్తన. అదే ఎల్విన్‌కి మరీ కష్టమైంది. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది.

ఆవులు పోయినా పాలవేళ పోలేదు. రోజూ అదే చీకట్లో మెలకువ వచ్చేస్తుంది. లేచి కొట్టంలోకి వెళ్లి దీపం వేసేవాడు. పాలు పితికే మిషన్లు కూడా అమ్ముడుపోయి గోడలకి మేకులు మాత్రం మిగిలాయి. కడగడానికేమీ లేని నేలని గొట్టంతో కడిగేవాడు. ఒక పొద్దున నెస్టా వెళ్లి చూసేసరికి, రబ్బరు ఏప్రన్ కట్టుకుని, సెరెన్ నిలబడే చోటు పక్కన చేతులు వేలాడేసి నిలబడి ఉన్నాడు. సెరెన్ అంటే మా మాటలో చుక్క. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆవు, మందకి పెద్దది. తల్లి పోతే సీసాతో పాలు పట్టి పెంచాడు దాన్ని.

నెస్టా ఏప్రన్ ముడి విప్పింది. "బయటికి పోవయ్యా, ఎటైనా పో. కాళ్లు నొప్పి పుట్టేదాకా తిరిగి రా. ఈ గోడల్ని చూస్తూ నిలబడితే నీతో పాటు నేనూ చచ్చేట్టున్నాను" అంది. ఆవిడ అలా మాట్లాడే మనిషి కాదు. అతను వెళ్లాడు.

మొదట నడిచాడు. డొంక దిగువకి వంగిన చోట కాళ్లు వాటంతటవే తొందరపడ్డాయి. బరువు బూట్లు, పాత కోటు, మోకాళ్లు విడ్డూరంగా పైకి లేస్తూ వాగు వంతెనదాకా పరుగెత్తి, రాతిగోడ పట్టుకుని రొప్పుతూ ఆగాడు. అక్కడ, గుండె చెవుల్లో కొట్టుకుంటుండగా, ఆవులు పోయాక మొదటిసారి ఏడ్చాడు. పరుగెత్తిన మనిషి మొహం ఎలాగూ ఎర్రగా, తడిగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఇంటికొచ్చి రెండు గుడ్లు అడిగి తిన్నాడు. నెస్టా ఆ వారమే టౌనుకి వెళ్లి బూట్లు కొనుక్కొచ్చింది. ఆ కొలతలో ఆ రంగే దొరికిందిట.

ఏళ్ల తరబడి ట్రాక్టరు మీద నుంచి చూసిన డొంక వేరు, కాలికింద డొంక వేరు. గట్టు నీడన అడవి వెల్లుల్లి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముక్కుతోనే తెలిసేది. కంచె కింద పసుపు ప్రిమ్‌రోజ్ పూలు గుప్పెళ్లుగా విచ్చేవి. మలుపులో ఒక కుందేలు దారి మధ్య కూర్చుని, ఇతన్ని చూసి, పరుగెత్తదగిన ప్రమాదం కాదని తేల్చుకుని, తాపీగా గట్టెక్కేది. నిలబడి దుఃఖపడే మనిషికి దుఃఖం ఒక్కటే ఉంటుంది. పరుగెత్తేవాడికి ఊపిరి, ఎగుడుదిగుడు, బురదగుంట, ఎదురొచ్చే ముళ్లకొమ్మ, అన్నీ చూసుకోవాలి. వాటి మధ్య దుఃఖం కాస్త సర్దుకుని కూర్చునేది.

ఏ దారిన మొదలెట్టినా కాళ్లు మాత్రం చివరికి హవెల్ మేత పొలం గేటు దగ్గర తేలేవి. సెరెన్ పొలం ఆ చివరి నుంచే పసిగట్టి వచ్చేది. అతను చొక్కా చెయ్యి పైకి మడిచి చాపితే, గరుకు నాలుకతో చెమట ఉప్పంతా నాకేది. అతను దాని చెవి వెనక గోకుతూ, ముళ్లచెట్లు పూశాయనీ, నెస్టా నడుం నొప్పి తగ్గిందనీ, ఇంటి కబుర్లన్నీ చెప్పేవాడు. రోజు మొత్తంలో అతనికి నిజంగా బతికినట్టుండేది ఆ కాసేపే. ఆ సంగతి నెస్టాకి చెప్పలేదు. ముసలితనంలో ఒక ఆడదాన్ని దాచిపెట్టుకున్నట్టు సిగ్గుపడ్డాడు.

మే నెలలో ఒక పొద్దున చెయ్యరాని పని చేశాడు. ఆ రోజు హవెల్ ఆలస్యం చేశాడు. ఆవులన్నీ పొదుగులు బిగిసి గేటు దగ్గర గుమిగూడి ఉన్నాయి. పాలవేళ, గేటు, ఎదురుచూసే ఆవులు. ఎల్విన్ ఏమీ ఆలోచించలేదు. చెయ్యి గడియ తీసింది. నోరు "త్రూ వాఖ్, త్రూ వాఖ్" అని పిలిచింది, మా వైపు ఆవుల్ని ఇంటికి పిలిచే పిలుపు. అంతవరకు పోనీ అనుకుందాం. తర్వాత జీవితమంతా చేసినట్టే వెనక్కి తిరిగి, మంద ముందు నడిచాడు, తన ఇంటివైపు.

హవెల్ సొంత ఆవులు అలవాటు ప్రకారం కుడికి తిరిగి వాళ్ల కొట్టానికి పోయాయి. ఎల్విన్ అమ్మినవి మాత్రం ఒక్కటీ పొల్లుపోకుండా ఎడమకి తిరిగాయి. వెనక గిట్టల చప్పుడు విని అతనికి తెలివొచ్చేసరికి డొంక నిండా ఆవులే, ముందు సెరెన్. అటూ ఇటూ మనిషెత్తు గట్లు. మందకి ముందున్న ఒక్క మనిషి ఇరుకు డొంకలో దాన్ని వెనక్కి తిప్పడమన్నది జరిగే పని కాదు. తిప్పడానికి చోటు దొరికేది అతని పెరట్లోనే. ఇంకేం చేస్తాడు, పరుగెత్తాడు. అవీ పరుగెత్తాయి. గ్వెన్ ఉత్తరాల బండితో ఎదురొచ్చి, ఆ దృశ్యం చూసి, మారుమాట లేకుండా వంతెనదాకా వెనక్కి నడుపుకుంటూ పోయింది. ఆ భయంలో కూడా ఎల్విన్‌కి ఒళ్లంతా సంతోషంగా ఉంది. ఆ మాట తర్వాత అతనే ఒప్పుకున్నాడు.

ఆవులు పెరట్లోకొచ్చి, ఆగకుండా కొట్టంలోకి నడిచి, వేటి చోట అవి నిలబడ్డాయి. మిషన్లు లేవు, ట్యాంకు లేదు. సెరెన్ తన చోట నిలబడి ఒక్కసారి నిట్టూర్చి చేపింది. పాలు ధారగా కారి, అతను రోజూ కడిగిన ఆ నేల మీద పారాయి. నెస్టా రాత్రి గౌను మీదే బకెట్టు తెచ్చి ఇచ్చింది. ఎల్విన్ కింద కూర్చుని చేత్తో పితకడం మొదలుపెట్టాడు.

హవెల్ వచ్చేసరికి ఎల్విన్ ఇంకా పితుకుతూనే ఉన్నాడు. హవెల్ అరుస్తాడనుకున్నారు. అతను గుమ్మంలో నిలబడి, బకెట్టులోకి పడే పాలని చాలాసేపు చూశాడు.

"నా దగ్గర ఇది ఒక్కరోజు కూడా సరిగ్గా చేపలేదు, పెద్దాయనా. జబ్బేమో అనుకుని డాక్టర్ని కూడా పిలిపించాను. రోజంతా ఆ గేటు దగ్గరే నిలబడి డొంకకేసి చూస్తుంటుంది, మేత కూడా సరిగ్గా ముట్టదు. ఎందుకో నాకిప్పుడు తెలిసింది."

ఎల్విన్ చేతులు ఆగిపోయాయి.

"మీ మీద నాకేం కోపం లేదు. కానీ పాలివ్వని ఆవుని చలికాలమంతా మేపలేను. శరదృతువు దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే కబేళాకి పంపక తప్పదు. మీరు నా చోటులో ఉన్నా అదే చేస్తారు."

ఎల్విన్ కూడా అదే చేసేవాడు. చాలాసార్లు చేశాడు కూడా.  "ఇక అటు రానబ్బాయ్" అన్నాడు. సాయంత్రానికి ఆవుల్ని ట్రక్కుల్లో తీసుకుపోయారు. సెరెన్ ఎక్కనంటే ఎక్కనంది. చివరికి ఎల్వినే మెడ పట్టుకుని ఎక్కించాల్సి వచ్చింది.

ఆ రాత్రి భోజనం దగ్గర నెస్టాకి అంతా చెప్పేశాడు. ఆవిడ రొట్టె మీద వెన్న రాస్తూ తలెత్తలేదు. "నీ చొక్కాలు ఉతికేది నేనే కదయ్యా. ఆవు నాకిన చెయ్యి వాసన నాకు తెలీదా?" అంది.

మర్నాటి నుంచి, హవెల్ పొలానికి ఎడమకి తిరగాల్సిన కూడలిలో కుడికి తిరిగాడు. కుడి డొంక కొండెక్కుతుంది. మొదటి వారాలు దాన్ని తిట్టుకుంటూ ఎక్కాడు. పైన గాలి తప్ప ఎవరూ లేరు, చెమట ఉప్పు ఎవరికీ అక్కర్లేదు. ఒక్కోరోజు కూడలిలో ఆగిపోయి, ఎడమవైపుకి చూస్తూ బూటు తాళ్లు విప్పి మళ్లీ కట్టుకునేవాడు. ఒక్కసారి, దూరం నుంచి, గట్టు చాటున చూసొస్తే ఏమవుతుంది? గాలి అటు వీస్తే దానికి వాసన తెలిసిపోతుంది, అదే అయ్యేది. కుడికే తిరిగేవాడు. ప్రేమంటే చూడాలనుకోవడమేనని ఇన్నాళ్లూ అనుకున్నాడు. చూడకుండా ఉండటం అంతకంటే చాలా పెద్ద చాకిరీ అని ఆ వేసవిలో తెలిసొచ్చింది.

కొండ డొంక కూడా మెల్లగా దయతలిచింది. జూన్‌లో గట్ల నిండా గులాబీ రంగు ఫాక్స్‌గ్లవ్ పూలు నిలువెత్తున లేచాయి. ఎర్ర గద్దొకటి ఇతని నెత్తి మీద తిరుగుతూ పైదాకా వచ్చేది, పడిపోతాడేమోనని ఆశ కాబోలు. ఆగస్టులో నేరేడు రంగు బ్లాక్‌బెర్రీలు చేతికందేంత దగ్గరగా మాగాయి. రుమాలు నిండా కోసుకొస్తే నెస్టా పళ్లరసం కారే రొట్టె చేసింది. ఇప్పుడు ఆగకుండా పైదాకా ఎక్కి, రొప్పకుండా ఊపిరి తీసుకోగలుగుతున్నాడు. రోజులు బాగానే గడుస్తున్నాయి. ఒక్క సంగతి మాత్రం ఎవరినీ అడగలేకపోయాడు. హవెల్ ఎదురైతే వాన గురించి మాట్లాడేవాడు. గ్వెన్ ఏదో చెప్పబోతే ఉత్తరాలు లాక్కుని లోపలికి పోయేవాడు.

అక్టోబరులో చాపెల్‌లో పంట కృతజ్ఞతల ప్రార్థన అయ్యింది. జనం బయటికి వస్తుంటే హవెల్ పక్కనుంచి వెళ్తూ, "ఇక మా వైపు పరుగెత్తొచ్చు పెద్దాయనా, ఏం ఫర్వాలేదు" అన్నాడు. అని తన భార్యాపిల్లల వెనక వెళ్లిపోయాడు. మాట తక్కువ మనుషులతో ఇదే చిక్కు. ఆవు కుదురుకుందా, అందుకా ఫర్వాలేదు? ఆవే లేదా, అందుకా? వెనక నుంచి పిలిచి అడగొచ్చు. ఎల్విన్ టోపీ పెట్టుకుని ఇంటిదారి పట్టాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లవారుజామున కూడలిలో ఎడమకి తిరిగాడు. ఆకులు రాలి డొంక జారుడుగా ఉంది, మంచు గట్ల మధ్య నిలిచిపోయి ఉంది.  గేటు దగ్గర ఎవరూ లేరు. ఖాళీ గేటు చూడగానే అతనికి అర్థమైపోయినట్టే అనిపించి, కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు.

అప్పుడు పొలం అవతలి నుంచి హవెల్ పిలుపు వినపడింది. అదే పిలుపు, కాస్త పీల గొంతులో. మంచులోంచి ఆవులు ఒక్కొక్కటే లేచి కదిలాయి. అన్నిటికంటే ముందు, నుదుట తెల్లమచ్చతో, నిండు పొదుగుతో, సెరెన్. ఒళ్లు చేసింది. గేటుకి ఎదురుగా వచ్చినప్పుడు నడుస్తూనే తల తిప్పి, ఇతనికేసి చూసింది. ఎల్విన్ చెయ్యి చాపలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకున్నాడు. ఆవు చెవి విదిలించి, పిలుస్తున్న మనిషి దగ్గరికి నడిచిపోయింది. మిగతావన్నీ దాని వెంట వెళ్లాయి.

అతను ఇల్లు చేరేసరికి నెస్టా గుమ్మంలోనే ఉంది. ఎటు వెళ్లొచ్చాడో బూట్ల బురద చూసి తెలుసుకుంది.

"ఉందా?"

"ఉంది."

"నిన్ను చూసిందా?"

ఎల్విన్ మెట్టు మీద కూర్చున్నాడు. నవ్వుతున్నాడు, కన్నీళ్లు మాత్రం ఆగడం లేదు.

"చూసింది. పాలవేళ కదా, ఆగలేదు" అన్నాడు.