బద్వేలుకని మోసుకెళ్లిన ఎనుపుకూర

ఈ బ్లాగు చదివేవాళ్లు మామూలుగా కోటల గురించి, గుహల గురించి అడుగుతుంటారు. ఈసారి చూడదగ్గ స్థలమేదీ లేదు. కర్నూలు నుంచి బద్వేలుకు ఒక స్టీలు డబ్బాలో కూర పెట్టుకుని వెళ్లాను, అంతే. అయితే ఎండాకాలంలో మన సీమ రోడ్ల మీద వండిన తిండి పట్టుకుని ప్రయాణించేవాళ్లు చాలామందే ఉంటారు. ఆ రోజు నేను పడిన విసుగు మీరు పడకుండా ఉంటారని ఇది రాస్తున్నాను.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం, బద్వేలులో ఉన్న మా చెల్లెలు జ్యోతి అత్తగారు దానమ్మ ఫోన్ చేసింది. జ్యోతి బండి మీద నుంచి పడి దవడ విరగ్గొట్టుకుందని, పళ్లకు తీగలు కట్టారని నాకు బంధువుల ద్వారా అప్పటికే తెలుసు. తెలిసినా వెళ్లలేదు. రెండేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు. దానమ్మ ఆ సంగతేమీ ఎత్తకుండా నేరుగా విషయానికి వచ్చింది. "నాలుగు వారాలు గంజి, పాలు తాగింది. ఇప్పుడు అది కూడా వద్దంటాది. మనిషి పుల్లయి పోయింది. ఇట్లే ఉంటే ఆసుపత్రిలో చేర్చాలన్నాడు డాక్టరు. తీగలు కొంచెం వదులు చేసినారు, మెత్తగా ఉంటే తినొచ్చంట. ఏం కావాలే అంటే మా పెద్దమ్మ చేసే ఎనుపుకూర అంటాది. నాకేం తెల్సు అది? నీకు తెల్సంట గదా," అంది. రేపు వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మా అమ్మ చిన్నప్పుడే పోతే మమ్మల్ని పెంచింది పెద్దమ్మ. పత్తికొండ దగ్గర పల్లెలో రెండెకరాల మెట్ట ఆమెది. సంతలో చౌకగా దొరికే చిన్న ఉర్లగడ్డలు (బంగాళాదుంపలు), పొలంలోని లేత మొక్కజొన్న కంకులు, ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), ఈ మూడే ఆ కూరకు కావలసినవి. ఉర్లగడ్డ ఉడికించి పప్పుగుత్తితో మెత్తగా ఎనపాలి. ఉడికిన మొక్కజొన్న గింజలు కలపాలి. సగం ఎర్రగడ్డలు నూనెలో ఎర్రగా వేయించి, మిగతా సగం పచ్చిమిరపకాయలు, వెల్లుల్లితో పచ్చిగానే దంచి వెయ్యాలి. జొన్నరొట్టెలోకైనా సంగటిలోకైనా ఇంకేమీ అక్కర్లేదు. నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి సరిగ్గా అలాగే చేశాను. పొగలు పోకముందే డబ్బాలో కుక్కి మూత బిగించాను. ఈ ఒక్క వాక్యంలో ఎన్ని తప్పులున్నాయో మీరు మధ్యాహ్నానికి తెలుసుకుంటారు.

కర్నూలు నుంచి బద్వేలుకు తేలికైన దారి కడప బస్సెక్కి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా మైదుకూరులో దిగి, అక్కడ బద్వేలు బస్సు పట్టుకోవడం. ఆరు గంటల ఎక్స్‌ప్రెస్ ఆరూ నలభైకి కదిలింది. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్ ఉచితం, మగవాళ్లకు మైదుకూరు దాకా రెండు వందల యాభై దరిదాపుల్లో అవుతుంది. ఉచితమైనందువల్ల సీటు దొరకదని వేరే చెప్పనక్కర్లేదు. నంద్యాల దాకా డబ్బా చంకన పెట్టుకుని నిలబడ్డాను. అక్కడ చాలామంది దిగాక కిటికీ పక్క సీటు దొరికింది. తూర్పు వైపు కిటికీ, ఎండంతా ఒళ్లోనే. డబ్బా కూడా ఒళ్లోనే.

తొమ్మిదిన్నరకు ఆళ్లగడ్డ దాటి కొద్ది దూరం వెళ్లామో లేదో బస్సు కింద టపామని చప్పుడై, ఇంజను మూలిగి ఆగిపోయింది. డ్రైవరు దిగి ముందు మూత ఎత్తి చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"బెల్టు తెగిందమ్మా. మెకానిక్కు రావాల."

"ఎంతసేపు పడుతుందన్నా?"

"ఆయప్ప బయల్దేరినానంటాండాడు. అట్ల అన్నాడంటే ఇంకా ఇంట్లోనే ఉండాడని లెక్క."

చుట్టూ కోతయిపోయిన చేలు, చెట్టు అన్నది కనుచూపు మేరలో లేదు. వెనక వచ్చిన రెండు బస్సులు అప్పటికే తలుపుల దాకా నిండి ఉన్నాయి. ఒంటిచేత్తో వేలాడగలిగిన కుర్రకారు ఎక్కి వెళ్లిపోయారు. నాకు ఒక చేతిలో సంచి, ఒక చేతిలో డబ్బా. మిగిలినవాళ్లం బస్సు నీడన మట్టిలో కూర్చున్నాం. నా పక్కన చాగలమర్రి వెళ్లే పెద్దామె ఒకామె కూర్చుంది. నేను మాటిమాటికీ డబ్బా తడిమి చూసుకోవడం గమనించి, ఏముంది అందులో అని అడిగింది. చెప్పాను.

"ఎర్రగడ్డ ఏసినావా?"

"వేశాను."

"పచ్చిదా?"

"సగం పచ్చిదే."

ఆమె నా వైపు జాలిగా చూసి, "మూత తీయద్దులేమ్మా. తీస్తే నీకే బాధ," అంది.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, అందరి మీదా. బెల్టు మీద, రాని మెకానిక్కు మీద, నాలుగు వారాలు గంజి తాగి అయిదో వారంలో కోరికలు పుట్టిన మా చెల్లెలి మీద. అప్పుడే ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితం పెద్దమ్మ చనిపోయిన రోజు జ్యోతి ఇదే రోడ్డు మీద బద్వేలు నుంచి రావాలి. నాలుగింటి దాకా చూసి, ఇక ఆగలేమని పాస్టరుగారు అంటే సమాధి చేసేశాం. ఆమె అయిదున్నరకు వచ్చింది. ఆళ్లగడ్డ దగ్గర బస్సు చెడిపోయిందని చెప్పింది. చర్చి ఆవరణలో అందరూ వింటుండగా నేను, "చెడిపోయింది బస్సు కాదు, నీ మనసు," అన్నాను. ఆమె అప్పటికప్పుడే వెనక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎవరమూ ఫోన్ చేసుకోలేదు.

ఇప్పుడు అదే ఆళ్లగడ్డ దగ్గర, చెడిపోయిన బస్సు నీడలో నేను కూర్చున్నాను. బస్సులు నిజంగానే చెడిపోతాయి. మెకానిక్కులు నిజంగానే రారు. రెండున్నర గంటలు ఆ మట్టిలో కూర్చుని, ఆమెకు ఏమని చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. కూర్చిన ప్రతి మాటా ఎబ్బెట్టుగానే తోచింది.

మెకానిక్కు పన్నెండు దాటాక వచ్చి పావుగంటలో బెల్టు మార్చాడు. మైదుకూరు చేరేసరికి ఒకటిన్నర. బస్టాండులో మూత తీశాను. కూర పైకి పొంగి ఉంది, నురగ కట్టి ఉంది, వాసన సంగతి రాయను. కుళాయి దగ్గర డబ్బా కడుగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, దుఃఖంతో కాదు, కోపంతోనే. బద్వేలు బస్సు రెండింటికి దొరికింది, గంటలోపు ప్రయాణం.

ఉర్లగడ్డలు, ఎర్రగడ్డలు బద్వేలు బస్టాండు ఎదురు అంగట్లోనే దొరికాయి. కంకులు మాత్రం ఒక్క తోపుడు బండి మీదే ఉన్నాయి, అదీ నిప్పుల మీద కాల్చి అమ్మే ఆయన దగ్గర.

"పచ్చివి నాలుగియ్యన్నా."

"పచ్చివి అమ్మనమ్మా. కాల్చి ఇస్తా."

"నాకు కాల్చినవి పనికిరావు. కూరకు కావాలి."

"నేను కూరగాయలోణ్ణి కాదు గదా. కాల్చేటోణ్ణి."

"అయితే కాల్చిన ధరే తీసుకో, కాల్చకుండా ఇయ్యి."

ఆయన విసనకర్ర పక్కన పెట్టాడు. "కాల్చకుండా కాల్చిన ధర తీసుకుంటే పాపం తగుల్తాది. ఉప్పూ నిమ్మకాయన్నా రుద్దుతా," అన్నాడు. వద్దన్నా వినలేదు. నాలుగు పచ్చి కంకులకు నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది, కాగితంలో చుట్టి, ఒక్కోటి ఇరవై రూపాయల చొప్పున ఇచ్చాడు. అక్కడి నుంచి ఇంటికి ఆటో అరవై అడిగితే నలభైకి వచ్చింది.

జ్యోతి వసారాలో మంచం మీద పడుకుని ఉంది. చెంపలు లోపలికి పోయాయి, మెడ దగ్గర ఎముకలు లేచాయి. నన్ను చూసి లేవబోయింది, లేవద్దన్నాను. నేను దానమ్మ వెంట వంటింట్లోకి వెళ్లిపోయాను. అక్కడైతే చేతికి పని ఉంటుంది.

కంకులు కడిగి గింజలు ఒలిచి, ఉర్లగడ్డలతో కుక్కర్లో పెట్టబోతుంటే దానమ్మ అడిగింది. "గింజలు గింజలుగానే ఏస్తావా?"

"అలాగే వేస్తారత్తమ్మా."

"ఆ పిల్ల నోరు వేలు పట్టేంత తెరుచుకుంటాది. నమలకూడదు. గింజ ఎట్ల మింగుతాది?"

చేతిలోని కుక్కర్ మూత గట్టు మీద పెట్టేశాను. అంటే పొద్దున నాలుగింటికి లేచి నేను చేసిన కూర, బస్సు చెడకపోయినా, ఎండ లేకపోయినా, జ్యోతి తినలేనిదే. అంతదూరం, అంతసేపు మోసింది ఎవరికీ పనికిరానిదే.

దానమ్మ నా ముఖం చూసి ఏమనుకుందో, మిక్సీ కిందికి దించింది. ఉడికిన గింజలు రుబ్బి, పలచటి గుడ్డలో పిండితే పొట్టంతా గుడ్డలో నిలిచి చిక్కటి పాలు దిగాయి. ఉర్లగడ్డను పప్పుగుత్తితో ఎనిపి ఆ పాలు పోసి సన్నటి మంట మీద కలిపాను. ఎర్రగడ్డలు అరగంట సేపు మెల్లగా వేయించి, అవి కూడా రుబ్బి కలిపాను. నోట్లో పుండ్లున్నాయని మిరపకాయ వేయలేదు, వెల్లుల్లి వేయలేదు. కొంచెం ఉప్పు, జీలకర్ర పొడి, చెంచాడు నెయ్యి, అంతే. చిలికిన పెరుగంత పలచగా వచ్చింది.

గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. చిన్న చెంచాతో ఒకసారి పెట్టాను. జ్యోతి కళ్లు మూసుకుని మింగింది. పళ్లు కదపకుండా మాట్లాడుతుంది కాబట్టి చెవి దగ్గర పెట్టి వినాలి.

"ఇది పెద్దమ్మది కాదు," అంది.

నాకు గిన్నె అక్కడే పెట్టి కర్నూలు బస్సెక్కాలనిపించింది. "కాదు. కారం లేదు. గింజల్లేవు. నీ నోటికి ఇదే గతి."

"కారం ల్యాకపోతే ఏం కూర," అని మళ్లీ నోరు తెరిచింది. అలా గొణుగుతూనే సగం గిన్నె తినేసింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న దానమ్మ చప్పుడు చేయకుండా లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు చెప్పాను, పొద్దుటి నుంచి కూర్చిన మాటలేవీ గుర్తు రాక, నోటికొచ్చినట్టు. "ఈ రోజు నా బస్సు కూడా ఆళ్లగడ్డ దగ్గరే చెడిపోయింది. ఆ రోజు నీ మాట నమ్మాల్సింది. తప్పు నాది."

జ్యోతి నా చేతిలోని చెంచా పక్కకు జరిపింది.

"ఆ పొద్దు బస్సు చెడిపోలేదక్కా."

"ఏమన్నావు?"

"చెడిపోలేదు. నంద్యాలలో దిగితి. కర్నూలు బస్సులు మూడు పోయినాయి. ఎక్కల్యా. ఆడనే కూచున్యా."

"ఎందుకు?"

"పెద్దమ్మను పెట్టెలో చూడల్యాక."

మొదట నాకు వచ్చింది కోపమే. రెండున్నర గంటలు మట్టిలో కూర్చుని పశ్చాత్తాపపడ్డాను, అదీ జరగని దానికి. ఆ మాటే పైకి అనబోయాను. నోటి నుంచి వేరే మాట వచ్చింది. "ఆమెకు నేనొక్కదాన్నే స్నానం చేయించాను జ్యోతీ. చీర కట్టింది నేనొక్కదాన్నే. నాకూ చేతకాలేదు. నువ్వొస్తావని రెండుసార్లు ఆగాను." రెండేళ్లుగా నేను కోపమనుకుంటున్నది ఇదేనని, అన్నాకే నాకు తెలిసింది.

ఆమె ముఖం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. దవడ కదలకూడదని డాక్టరు చెప్పాడు, ఏడవద్దన్నాను. ఏడవద్దంటే ఎవరు ఆగుతారు? కాసేపటికి కళ్లు తుడుచుకుని, "ఆ మిగిలింది పెట్టు, చల్లారిపోతాంది," అంది. పెట్టాను. అడుగున మిగిలినదంతా గోకి పెట్టాను.

ఆ రాత్రి అక్కడే ఉండి, మర్నాడు పొద్దున ఆ పలచటి కూర ఎలా చేయాలో దానమ్మకు మరోసారి చేసి చూపించి, ఏడు గంటల మైదుకూరు బస్సెక్కాను. ఆ బస్సు ఎక్కడా చెడిపోలేదు, పన్నెండున్నరకు కర్నూలులో దిగాను. మా ఇద్దరి మధ్యా అన్నీ సర్దుకున్నాయని రాయలేను. ఆమె అబద్ధం చెప్పిందన్న మంట నాకు ఇంకా పూర్తిగా చల్లారలేదు. అందరి ముందు నేనన్న మాట ఆమె కూడా మరిచి ఉండదు. కానీ వారం తర్వాత దానమ్మ ఫోన్ చేసి, డాక్టరు ఆసుపత్రిలో చేర్చే మాట మానేశాడని చెప్పింది. వెనక నుంచి జ్యోతి, ఆ రోజు నేను ఉప్పు తక్కువేశానని చెప్పమంటోందట. ఈ మొత్తం వ్యవహారంలో నాకు విసుగు తెప్పించని మాట అదొక్కటే.

ఇక మీకు పనికొచ్చే సలహా ఒకటి. జబ్బు మనిషికి ఏదైనా వండి తీసుకెళ్లాలనుకుంటే, పొయ్యి వెలిగించకముందే ఆ మనిషికే ఫోన్ చేయండి. ఏం తినగలవు, ఎంత మెత్తగా ఉండాలి, కారం వేయొచ్చా అని అడగండి. రెండు నిమిషాల పని. నేను దానమ్మతో మాట్లాడి, జ్యోతికి ఫోన్ ఇవ్వమని అడగలేదు. అడిగి ఉంటే, పలచటి కూర అక్కడే చేసుకోవచ్చని తెలిసి ఖాళీ చేతులతో, సుఖంగా వెళ్లేదాన్ని.