చర్చి గోడ మీద నా సిమెంటు

సున్నం పనిలో నాతో సరితూగే మేస్త్రి సిద్దిపేట చుట్టుపక్కల ఇంకొకడు లేడు. మిగతావాళ్లు నా ముందు ఈ మాట అనడానికి మొహమాటపడతారు కాబట్టి నేనే అనేస్తున్నాను. డంగు సున్నంలో బెల్లం నీళ్లు ఎంత పొయ్యాలో, కరక్కాయ నీళ్లు ఎంత పొయ్యాలో మా నాన్న దగ్గర నేర్చుకున్నాను, అబ్బా అంటాను ఆయన్ని. పోయిన వానాకాలం, సంత జరిగే ఒక చిన్న ఊరి నుంచి చర్చి అయ్యగారు ఫోన్ చేసి రమ్మంటే, సున్నం పని దొరికిందని హుషారుగా బయలుదేరాను. ఏ చర్చి అన్నది మాత్రం దారిలో గుర్తొచ్చింది.

అయ్యగారు వయసులో చిన్నవారు, ఆ ఊరికి కొత్త. పాత నల్లరాతి చర్చి లోపలికి తీసుకెళ్లి గోడలు చూపించారు. నడుమెత్తు వరకు చెమ్మ ఎక్కింది. రంగు పొక్కులు లేచి రాలుతోంది.

"పెద్దలు దీన్ని కూలగొట్టి కొత్తది కడ్దామంటున్నరు మేస్త్రీ. గోడలు పనికిరావని మీరొక్క మాట చెప్తే అయిపోతది. ఆదివారం అందరికి చెప్పి పని షురూ చేస్తం," అన్నారు.

చర్చి ఊడ్చే ముసలవ్వ చీపురు ఆపి నా మొహమే చూస్తోంది.

ఆ గోడల మీద సిమెంటు గిలాబు, అదే పూత, చేసింది నేనే. ఇరవై ఏళ్ల కింద పండుగలోపు పని కావాలన్నారు అప్పటి పెద్దలు. సున్నం ముసలోళ్ల పని, తొమ్మిది రోజుల్లో సిమెంటుతో అద్దంలా చేసిస్తానని నేను కోతలు కోశాను. అబ్బా వచ్చి గోడ చుట్టూ ఒకసారి తిరిగాడు. "రాయి తాగిన నీళ్లు బయటికి పోవాలె బేటా. నువ్వు దాని నోరు కట్టేస్తున్నవ్," అన్నాడు. నాకు కోపం వచ్చింది. నెల రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు, గోడతోపాటు నా తప్పు కూడా మట్టిలో కలిసిపోతుంది. అయ్యగారికి నేనెవరో తెలియదు. అనేద్దామనే అనుకున్నాను, దాచడం దేనికి? కానీ కిటికీ పక్కన సిమెంటు పెచ్చు ఊడిన చోట, ఈ చర్చి కట్టినప్పుడు మా తాత పూసిన సున్నం కనబడింది. గోటితో గీకితే రాలేదు. ఇంత గట్టి పనిని పనికిరాదని నా నోటితో ఎట్లా అనను?

"అయ్యగారూ, పాత బ్యాంకు దాక పోయొద్దాం రండి," అన్నాను.

అది ఆ వీధి చివరే ఉంది. అదే నల్లరాయి, పూత కూడా మా ఇంటివాళ్లదే. బ్యాంకు మెయిన్ రోడ్డు మీదికి మారిపోయాక, యజమానులైన అన్నదమ్ములకు పొత్తు కుదరక ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. రంగు లేదు, సిమెంటు లేదు. కిరాయికి తీసుకున్న వ్యాపారి అంత వానలోనూ మక్కజొన్నల బస్తాలు గోడకు ఆనించి పేర్చుకున్నాడు. చెమ్మ ఉంటే ఏ వ్యాపారీ ఆ పని చెయ్యడు. అయ్యగారు గోడకు అరచెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు.

"గిది గింత పొడిగున్నదేంది?"

"గీడ సున్నమే ఉన్నది. మీ చర్చి రాళ్లకు ఏం కాలే. పైనున్న సిమెంటు తీసేస్తే గోడ ఆరుతది."

"ఆ సిమెంటు పని చేసిన తెలివిగల్లోడు ఎవడో!"

"నేనే అయ్యగారూ."

వెనక నుంచి ముసలవ్వ నవ్వింది. మా వెంట అంత దూరం నడిచి వచ్చిందని అప్పటిదాకా చూసుకోలేదు.

"వారం దినాలు నీ సిమెంటుకు పొద్దుమాపు నీళ్లు కొట్టింది నేనే బిడ్డా," అంది.

"మరి అయ్యగారికి ఎందుకు చెప్పకపోతివి అవ్వా?"

"నువ్వు చెప్తవా లేదా అని చూసిన. నువ్వు చెప్పకపోతే ఆదివారం నేనే చెప్తుంటి."

పెద్దలు కూడా వచ్చి బ్యాంకు గోడకు చేతులు పెట్టి చూసి, నన్ను నాలుగు తిట్టి, పని నాకే ఇచ్చారు. తొమ్మిది రోజుల్లో వేసిన సిమెంటు ఊడగొట్టడానికి నెల దాటింది. నా చేతి పని కదా, ఊరికే ఊడుతుందా! తర్వాత బెల్లం, కరక్కాయ తెచ్చి, అబ్బా చూపించినట్లే సున్నం పూశాను.

ఈ ఏడు గట్టి వాన పడిన మర్నాడు చర్చికి వెళ్లి గోడకు అరచెయ్యి ఆనించాను. పొడిగా ఉంది. "నువ్వు చెప్పిందే నిజం అబ్బా," అని పైకే అన్నాను. ఆయన బతికున్నన్నాళ్లు ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.

అవ్వ బల్లల కింద ఊడుస్తూ తలెత్తకుండానే అంది: "ఇంకింత గట్టిగ అను బిడ్డా, ఆయినెకు ఇనపడాలె గదా."