హీరాకేశరి ధార

పాటన్‌లో హీరాకేశరి మూడో అంతస్తు కిటికీలోంచి అయిలా, అంటే బియ్యం సారా, ఒంపితే, కింద వీధిలో పరుగెడుతున్న మేక నోట్లో పడేది. మేక మూతి మాత్రం తడిసేది కాదు. నమ్మనివాళ్లు మేకనే అడగండి.

ఏటా జరిగే కులవిందులో అయిలా పోయడం ఆమె పని. మగవాళ్లంతా బారుగా కూర్చుని మట్టిమూకుళ్లు చాపితే, పొడుగు ముక్కున్న ఇత్తడి చెంబును తలమీదికెత్తి సన్నటి ధార దించేది. ఆ ఏడాది ఆ ధార కాస్తా వంకర తిరిగి పెదమామ మీసాలను తడిపింది.

"ఏమ్మా కోడలా, మాకంటే ముందే రుచి చూశావా?"

"చుక్క ముట్టలేదు మామయ్యా!" అని గయ్యిమంది హీరాకేశరి.

అరిచాక సిగ్గేసింది. ఈమధ్య ఊరికే కోపం వస్తోంది. నిద్ర పట్టడం లేదు. నోట్లో చిల్లర నాణెం చప్పరిస్తున్నట్టు రుచి, పళ్లు తోమితే నెత్తురు. ఎవరికీ చెప్పలేదు. చెబితే చెంబు తోడికోడలి చేతికి పోతుంది. అంతకంటే ప్రాణం పోవడం నయం.

చెంబు వంక చూడటానికి భయమేసి, మూకుళ్ల వంక చూసింది. రాగిరేకులు సుత్తితో కొట్టే మరిది అష్టమాన్ అప్పటికే ఇంట్లో పట్టించి వచ్చాడు. ఒళ్లు తూలుతోంది గాని మూకుడు కదలడం లేదు. పక్కనే మొగుడు చిరికాజీ. అతని మూకుడు గజగజలాడుతోంది.

"ఎన్ని తాగావయ్యా?"

"ఇదే మొదటిది. నువ్వు పోస్తేగా!"

"మరి చెయ్యెందుకు వణుకుతోంది?"

"నీకు భయపడి."

బారంతా గొల్లుమంది. ఆమె నవ్వలేదు. బారు చివరిదాకా చూసింది. సుత్తి పట్టేవాళ్ల మూకుళ్లన్నీ నిలకడగానే ఉన్నాయి. వణికేది ఇంకొక్కటే, పూర్ణమాన్‌ది. అతనూ, చిరికాజీ, తనూ పనిచేసేది ఒకే గదిలో. బంగారాన్ని పాదరసంతో నూరి విగ్రహాలకు పూసి, పాదరసం పొగై పోయేదాకా కాలుస్తారు. మంట చెదరకూడదని కిటికీ మూసేస్తారు.

"తాగినోళ్ల చేతులు బాగున్నాయి, తాగనోళ్లవి వణుకుతున్నాయి. ఆ గదిలోనే ఏదో ఉంది" అంది.

మర్నాడు ఇద్దర్నీ ఆస్పత్రికి ఈడ్చుకెళ్లింది. డాక్టరు వాళ్లు చేసే పనేమిటో అడిగి, నోటి రుచి, చిగుళ్లు, నిద్ర సంగతి తీశాడు. మొగుడూ పూర్ణమాన్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లూ దాచుకుంటున్నారన్నమాట!

ముగ్గురి మూత్ర పరీక్షలోనూ పాదరసం తేలింది.

"మేమెప్పుడూ మింగలేదు బాబూ" అన్నాడు చిరికాజీ.

"పీల్చారు. ఆ పొగకు దూరంగా ఉంటే తగ్గుతుంది. మళ్లీ అక్కడే కూర్చుంటే నన్నడక్కండి."

హీరాకేశరి గదికి తాళం వేసింది. మొగుడు గొణిగితే చేతికి సుత్తి ఇచ్చింది. మరుసటి ఏడు విందులో ఆమె ధార ఎంత నిటారుగా దిగిందంటే, పెదమామ దాని మీద తువ్వాలు ఆరేసుకున్నాడు. పాదరసాన్ని చీపురుతో కొట్టి ఊరు దాటించిందని పాటనంతా చెప్పుకుంటారు.

ఆమెను అడిగితే మాత్రం ఇలా అంటుంది: "చీపురూ లేదు, ఏమీ లేదు. పొగలో పని మానేశాం. చెయ్యి చాలావరకు కుదిరింది. ఇప్పుడు భుజం ఎత్తు నుంచే పోస్తున్నా."