గొడుగులతో వచ్చిన చుట్టాలు

సిరిసిల్లలో నేను తెలుగు చెప్పే కాలేజీలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచి అదే ప్రశ్న వేస్తారు. "మేడం, వ్యాసం మంచిగ రాయాలంటే ఏం చెయ్యాలె?" ముందు మీ గైడు పాత కాగితాల వాడికి వేసి రండి అంటాను. వాళ్లు నవ్వుతారు, నేను నవ్వను. "మానవుడు సంఘజీవి" అని మొదలయ్యే వ్యాసాలు దిద్దీ దిద్దీ నాలో సహనం అనేది మిగల్లేదు. ఆ సంఘజీవి ఎవరో ఎదురుపడితే నాలుగు దులిపేయాలని ఉంది.

నాకు వ్యాసం నేర్పిన సారు కోరుట్ల నుంచి బస్సులో వచ్చేవారు. పెగడపల్లి దగ్గర ఉన్న మా బడికి చేరేసరికి సగం పీరియడ్ అయిపోయేది కాబట్టి ఆయన పాఠాలన్నీ పొట్టివే. "కండ్లతోని చూసింది రాయి. పెద్ద పెద్ద మాటలు రాసినవంటే కొట్టేస్త. మొదటి పేరా ఎట్లైనా ఉత్తదే ఉంటది, అది తీసేసి రెండో పేరా కాడ మొదలువెట్టు." అవసరమైతే పేరు మార్చు, ఊరు మార్చు, చూసింది మాత్రం మార్చకు అని కూడా అనేవారు. ఈ చివరి మాటే మా కొంప మీదికి తెచ్చింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జగిత్యాలలో బడిపిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారు. సారు నన్ను వెంటబెట్టుకొని పోయారు. అక్కడికక్కడే ఇచ్చిన అంశం "మా ఇంటికి వచ్చిన అతిథులు". నా చుట్టూ ఉన్న పెన్నులన్నీ "అతిథి దేవోభవ" అంటూ పరుగు తీశాయి. నేను పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నాను. మా ఇంటికి ఆ మధ్య అతిథులంటూ వచ్చింది అన్నలే.

అడవిలో తిరిగే నక్సలైట్లను మా దిక్కున అన్నలు అనేవాళ్లు. పొద్దుగూకాక వచ్చి అన్నం అడిగితే పెట్టేవాళ్లం, కాదనే ధైర్యం ఎవరికీ లేదు. ఆ సంగతి బయటపడితే వెనకాలే పోలీసులు వచ్చి, అన్నం పెట్టినవాణ్ణి స్టేషన్‌కు తీసుకుపోయేవాళ్లు. తిరిగొచ్చిన మనిషి చాలా రోజులు సరిగా నడవలేకపోయేవాడు. మా ఇంట్లో అన్నలు తిని పోయిన సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. తాటిచెట్లెక్కి కల్లు గీసే మా బాపు నాకు ఒకటే చెప్పాడు. "నోరు తెరిచినవంటే ఈ బాపు ఉండడు బిడ్డా."

నేను నోరు తెరవలేదు. రాశాను, అంతే.

సారు చెప్పినట్టే పేరు మార్చాను. అన్నలను పెళ్లిచూపులకు వచ్చిన చుట్టాలను చేశాను. ఇంట్లో ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి ఒక అక్కను పుట్టించాను. అంత అందమైన పిల్లను మా అమ్మ కూడా కనలేకపోయేది. ఆ వచ్చిన అన్నల దళంలో ఉన్న అమ్మాయిని పెళ్లికొడుకు చెల్లెల్ని చేశాను. తుపాకుల్ని ఏం చేయాలో కాసేపు తోచలేదు. చివరికి గొడుగులు చేశాను.

మిగతాదంతా చూసింది చూసినట్టు రాసేశాను. పోయిన ఎండకాలం ఒకనాడు పొద్దుగూకాక చుట్టాలు వచ్చి, బూట్లు విప్పకుండానే చాప మీద కూర్చున్నారు. కుక్కను కట్టేయమన్నారు. వాళ్లు తింటున్నంతసేపూ ఒకాయన గొడుగు పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు. ఇంకొకరు తిని లేచి గుమ్మంలోకి పోయాకే ఆయన వచ్చి తిన్నాడు. పెళ్లికొడుకు చెల్లెలు మా దువ్వెన అడిగి తీసుకుంది, తలకు నూనె పెట్టి ఎన్నాళ్లయిందో అని అమ్మతో అంది. బాపు కల్లు లొట్టి తెచ్చి ముందర పెడితే ఒక్కరూ ముట్టలేదు.

మొదటి బహుమతి నాకే వచ్చింది. ఇప్పటికీ అంటాను, రావలసిందే.

బహుమతులు ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషి పోలీసు అధికారి. మొదటి బహుమతి వ్యాసాన్ని రాసినవాళ్లే మైకులో చదవాలన్నారు. ముందు వరుసలో కూర్చున్న మా సారు నేనేం రాశానో వినడం అదే మొదలు. చుట్టాలు చాప మీద కూర్చునేదాకా మురిసిపోతూ విన్నారు. గొడుగుల దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. పిల్లలు మాత్రం పొట్ట పట్టుకొని నవ్వారు. అధికారి చాయ్ కప్పు కింద పెట్టాడు.

"ఎండకాలం, పొద్దుగూకినంక, గొడుగులేంది బిడ్డా?"

"వాళ్లది దూరం సార్. నడుమ వానొస్తదేమో అని పట్టుకొచ్చిండ్రు."

"కల్లు గీసేటోళ్ల ఇంటికి సంబంధానికొచ్చి కల్లు ముట్టలేదా?"

"పిల్ల నచ్చలేదేమో సార్."

హాలంతా గొల్లుమంది. అధికారి కూడా నవ్వాడు. నవ్వుతూనే, "మీదేవూరు?" అన్నాడు. నా నవ్వు అక్కడ ఆగిపోయింది. ఊరి పేరు నేను చెప్పకపోయినా ఆయన చేతిలోని కాగితం మీద ఉండనే ఉంది. చెప్పాను. అప్పటినుంచి నా విద్యార్థులకు గట్టిగా చెప్తున్నాను, గొడుగులు పెట్టేముందు ఏ కాలమో చూసుకోమని.

 బస్సు పెగడపల్లి దగ్గరపడుతుండగా సారు, "మంచిగ రాసినవే. గదే వచ్చిన బాధ" అన్నారు. ఇంటిదాకా వచ్చి బాపుకు జరిగిందంతా చెప్పి, ఆఖరి బస్సుకు వెళ్లిపోయారు. బాపు నన్ను కొట్టలేదు. కొడితే బాగుండునని మొదటిసారి అనిపించింది. అమ్మ ఒక చొక్కా, దుప్పటి సంచిలో సర్ది తలుపు పక్కన పెట్టింది. పోలీసులు ఎప్పుడు వచ్చి బాపును జీపు ఎక్కించుకుపోయినా చలికి కప్పుకోవడానికి. ఆ సంచిని చూసి నాకు ఏడుపు ఆగలేదు. బహుమతిగా ఇచ్చిన స్టీలు డబ్బాను బావిలో పడేయాలనుకున్నాను.

ఆ వారంలోనే జీపు వచ్చింది. అధికారి కానిస్టేబుళ్లను బయట నిలబెట్టి ఒక్కడే ఇల్లంతా తిరిగాడు. చాప చూశాడు, కుక్కను కట్టిన గుంజ చూశాడు, గూట్లోని దువ్వెన తీసి చూశాడు. నేనిప్పుడు పేపర్లు దిద్దేటప్పుడు ఆడించినట్టే ప్రతిదానికీ తలాడించాడు. "అన్నీ రాసినట్టే ఉన్నయి" అన్నాడు. "మరి పెద్దబిడ్డ ఏది?"

 వ్యాసంలో ఒక మనిషిని కల్పిస్తే, చూపించమన్నప్పుడు చూపించడానికి ఒకరు ఉండాలని నాకు అప్పటిదాకా తెలియదు. బాపు చూపు తలుపు పక్కన ఉన్న సంచి మీదికి పోయింది. అప్పుడు మా అమ్మ నా రెక్క పట్టుకొని ముందుకు తోసింది.

"గీ పిల్లకే సార్ వచ్చింది. సిగ్గుకు అక్క అని రాసుకున్నది."

అధికారి నన్ను ఎగాదిగా చూశాడు. రెండు జడలు, బడి లంగా, చేతికి సిరా. ఎన్నో తరగతి అని అడిగాడు. తొమ్మిది అన్నాను. ఆయన బాపు వైపు తిరిగి, బయటి కానిస్టేబుళ్లకు వినబడేలా గొంతు పెంచాడు.

"గింత పిల్లకు పెండ్లి చేస్తవా? నేరమని ఎరుకేనా? లోపలెయ్యాల్నా?"

కలలో కూడా అనుకోని నేరానికి మా బాపు చేతులు జోడించాడు. "తప్పయింది సార్."

"డిగ్రీ దాకా చదివిస్త అను."

"చదివిస్త సార్."

జీపు వెళ్లిపోయింది. బాపు గడపలోనే కూలబడి, నన్ను దగ్గరికి లాక్కున్నాడు. అధికారి మా అమ్మ మాట నమ్మాడా, నమ్మినట్టు నటించాడా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. గొడుగులు నమ్మే మనిషిలా మాత్రం లేడు.

పదో తరగతి కాగానే మా పెద్దబాపు ఒక సంబంధం తెచ్చాడు. కోరుట్ల వాళ్లు, పిల్లగాడు దుబాయిలో ఉంటాడు, పిల్ల నచ్చితే చాలన్నారు. మా బాపు నెత్తి గోక్కున్నాడు. "నాకు ఇయ్యాలనే ఉన్నదే అన్నా. ఏం జేతు, పోలీసోళ్లకు మాటిచ్చిన. డిగ్రీ గాకుంటే లోపలేస్తరు." పోలీసుల పేరు వినగానే పెద్దబాపు కండువా భుజాన వేసుకొని లేచాడు. ఇంటర్ అయ్యాక మేనత్త వచ్చి అడిగింది, ఆమెకూ అదే జవాబు. డిగ్రీలో ఉండగా వచ్చినవాళ్లందరికీ అదే జవాబు, అదే నెత్తి గోక్కోవడం.

ఆ అధికారి ఎప్పుడో బదిలీ మీద వెళ్లిపోయాడు. నేను పదో తరగతి పరీక్షలు రాయకముందే ఆ కబురు ఊళ్లోకి తెచ్చింది మా బాపే.