ఉప్పు బావికి అలవాటైన చేపలు

చింతపండు వేసి ఎంత తోమినా మా ఇత్తడి చెంబు అడుగున తెల్లటి పొర పోదు. నీళ్లు నింపి నోటి దగ్గరికి తెచ్చుకుంటే ఇప్పటికీ మా ఉప్పు బావి వాసన వేస్తుంది.

మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజులవి. మా ఊళ్లో తాగడానికి చెరువు నీళ్లు, గొర్రెలకూ అంట్లకూ మా చేని బావి నీళ్లు. ఆ బావి నీళ్లలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు, తలకు పోసుకుంటే జుట్టు నారలా బిగుసుకుపోతుంది. ఏటా ఎండలు ముదిరి, చెరువు బురదై, గట్టంతా నీచువాసన కొట్టే రోజుల్లో, కొన్ని కొర్రమీను పిల్లల్ని ఆ బావిలో దాచి, వానలకు తిరిగి చెరువులో కలిపేది మా అవ్వ. వాటిని చెరువుకు విత్తనం అనేది.

ఆ ఏడు అవ్వ మంచం పట్టింది. నాయన బిందెడు పిల్లల్ని తెచ్చి నేరుగా బావిలో కుమ్మరించాడు. తెల్లారేసరికి అన్నీ వెల్లకిలా తేలాయి.

"కొత్త కోడలికి వచ్చిన పూటే కట్టెల మోపు ఎత్తుతార్రా? మెల్లగా అలవాటు చెయ్యాల" అంది అవ్వ.

"చేపకేం తెలుస్తాదమ్మా, నీళ్లు నీళ్లే గదా!" అన్నాడు నాయన.

"అట్లనా? అయితే నీ పప్పు ఆ నీళ్లల్లోనే ఉడకేసుకో పో."

బురదగుంటలో మిగిలిన కాసిని పిల్లల్ని తెచ్చి, పెరట్లో రాతితొట్టి ఉంటే, ఆ గాబులో చెరువు నీళ్లు పోసి వేశాం. అవ్వ తన మంచం గాబు పక్కకు లాగించుకుంది. నేను ఒక చెంబు నీళ్లు తీసి పారబోసి, ఒక చెంబు బావి నీళ్లు పోయాలి. చేప పక్కకు ఒరిగితే ఆ పూటకు చాలు అనేది. తీసేకొద్దీ పాత నీళ్లు తగ్గుతాయే గాని సున్నా కావని ఆ గాబు దగ్గరే నాకు తెలిసింది. కొన్నాళ్లకు అవి ఉప్పు బావిలో హాయిగా తిరిగాయి.

వానకు ముందే అవ్వ పోయింది.

చెరువు నిండిన రోజు నాయన బావిలోంచి చేపల్ని గంపతో పట్టి, బావి నీళ్లతో నింపిన గాబులో వేశాడు. ఖాళీ మంచం పక్కన కూర్చుని, ఒక చెంబు తీస్తూ, ఒక చెంబు చెరువు నీళ్లు పోస్తూ ఉన్నాడు. పొద్దు వాలింది.

"ఇంక చాల్లే నాయనా" అన్నాను.

"ఉండు పాపా. అవ్వ చాలనలేదు గదా."

ఆ బావిని పూడ్చేశారు. చెరువు ఎండి, అందులో కంప మొలిచింది. తాగే నీళ్లు ట్యాంకరులో వస్తే ఈ చెంబుతోనే ముంచుకుంటాను. లెక్క ప్రకారం పాత నీళ్లు ఎన్నటికీ సున్నా కాకూడదు. మా చెరువులో అయ్యాయి.