పడుకోబెట్టి తీసిన గీత

బట్టలు కుట్టే కార్ఖానాలో షిఫ్టు ముగిసిందని సైరన్ మోగినప్పుడల్లా ఆ దర్జీ అక్క కళ్ళు తేలవేసి నేలకొరిగేది. "సైరన్ రాణి మళ్ళీ పడిందిరోయ్!" అని మేస్త్రీ ఎద్దేవా చేసేవాడు. ఈసీజీ తీయించిన ప్రతిసారీ అంతా బాగున్నదనే వచ్చేది. చివరకు గుండె డాక్టరమ్మ ఆమెను మంచం మీదినుండి చటుక్కున లేపి, నిలబెట్టి తీయించినప్పుడు గాని గుట్టు బయటపడలేదు. కొట్టుకున్న గుండె మరల సర్దుకొనడానికి పట్టే వ్యవధి, కాగితం మీద క్యూటీ అనే భాగం, ఉండవలసిన దానికంటె సాగి ఉన్నది. దాని చివరి అల నెత్తిన ఒక నొక్కు.

"ఇది పుట్టుకతో వచ్చేదమ్మా. ప్రాణానికే ముప్పు. తోడబుట్టినవాళ్ళున్నారా?"

"ఒక్కడే తమ్ముడండీ."

"తీసుకురా. ఉలిక్కిపడే మోతలు మీ ఇద్దరికీ వద్దు. అలారం అసలే వద్దు."

రొట్టెల బట్టీలో పనిచేసే ఆ తమ్ముడిది కుంభకర్ణుడి నిద్ర. గూబలదిరే అలారం గడియారం వాడి తలగడ పక్కనే ఉండేది. అది మోగిన కొన్ని ఉదయాలు కళ్ళు చీకట్లు కమ్ముతాయని వాడే ఒకనాడు నోరుజారాడు.

"నీ జబ్బు నాకూ అంటగడతావేంటే అక్కా? నా గుండె రాయి!"

"రాయికీ పగుళ్ళొస్తాయిరా."

కాళ్ళావేళ్ళా పడి ఒప్పించినది. కంగారు పడకూడదని ముందురోజు పని మాన్పించి, కడుపునిండా పెట్టి, పసిబిడ్డను జోకొట్టినట్లు నిద్రపుచ్చినది. తీరా వెళితే డాక్టరమ్మ సెలవులో ఉన్నది. ఈసీజీ తీసే అతను పడుకోబెట్టగానే తమ్ముడు గురక లంకించుకున్నాడు. కాగితం పైభాగాన 'నార్మల్' అని అచ్చయి వచ్చినది.

"నిలబెట్టి ఇంకోటి తీయండి బాబూ. నాకూ పడుకోబెడితే ఇలాగే వచ్చేది."

"మిషనే బాగుందంటుంటే మీ గొడవేంటమ్మా? డాక్టరమ్మ రాస్తే చూద్దాం."

తమ్ముడప్పటికే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "అయింది కదా! మళ్ళీ ఈ గుమ్మం తొక్కితే ఒట్టు."

ఆమెకు ఒళ్ళు మండిపోయినది. ఆ ఈసీజీ అతని మీద, తమ్ముడి మీద, అంతకంటె తన మీద. లేడిలా బెదిరే గుండెను చేజేతులా జోకొట్టి మరీ తీసుకువచ్చినది తానే కదా!

ఆ సాయంత్రమే గడియారాన్ని తన కుట్టుమిషను సొరుగులో పెట్టి తాళం వేసినది. మరునాటి నుండి వేకువనే వచ్చి, వాడి కాళ్ళ దగ్గర కూర్చుని, అరికాలు మెల్లగా నిమరసాగినది.

"ఏంటే ఈ చాదస్తం? నేను ముసలాణ్ణయ్యేదాకా ఇలాగే లేపుతావా?"

"నువ్వు ముసలాడివి కావాలనేరా ఈ పాట్లు. డాక్టరమ్మ రాగానే ఒక్కసారి వచ్చి నిలబడు, చాలు."

"రానని చెప్పానుగా!" అని వాడు గోడవైపు తిరిగి దుప్పటి ముసుగు పెట్టాడు.

ఇల్లెగిరిపోయేలా అరవాలనిపించినది. అరవరాదు, అదీ మోతే. పళ్ళు బిగబట్టి, మరల వాడి అరికాలు మీద చేయి వేసినది.